మామ్మ జాడీకి నేను పెట్టిన పోపు

నా చెయ్యి గిట్ల ఎందుకు ఎర్రగైందని వారం సంది అడుగుతనే ఉన్నరు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేదు. అందరు ఛాయ్ కాడనే ఉన్నరు కాబట్టి ఒక్కసారే చెప్తా, ఇనుండ్రి. పొయ్యి మీద కాలలే. ల్యాబ్‌ల మందు పడలే. ఆవపిండి! ఔను, ఉత్త ఆవపిండి. పోయిన వారం కాదు ముందటి వారం నేనొక మంచి పని చేసిన. ఎవ్వరు అడగకుంటనే చేసిన. గా మంచి పనికి నా నడుము పోయింది, చెయ్యి పోయింది, ఆదివారం పోయింది. నవ్వద్దు. నవ్వాలంటే అంతా అయిపోయినంక నవ్వుండ్రి, అప్పుడు నేను కూడా నవ్వుతా, ఓపికుంటే.

మేము కంఠేశ్వర్‌ల కిరాయికి ఉండే ఇల్లు విజయ ఆంటీ వాళ్లది. మేము మీద, వాళ్లు కింద. ఆంటీ, అంకుల్, ఆంటీ వాళ్ల అత్తగారు. వాళ్ల పెద్దోళ్లు ఎన్నడో కోస్తా నుంచి వచ్చి మోస్రా కాడ కాలువ కింద పొలాలు కొనుక్కున్నరు. మూడు తరాలైంది. వడ్లు ఈడనే, ఓటు ఈడనే, పంచాయితీలు ఈడనే. గని ఆవకాయ కాడికొచ్చేసరికి మాత్రం నిన్న మాపటికే బస్సు దిగినట్టు చేస్తరు. గా పద్ధతి వేరు, గా నూనె వేరు, గా జాడీల మర్యాద వేరు. ముసలామెను వాళ్ల మనుమలు 'మామ్మ' అంటరు. మా దిక్కు అయితే అవ్వ అంటం. కిరాయికి ఉన్నంక ఓనర్ల భాష కూడ కొద్దిగ వస్తది కదా, నేను కూడ మామ్మ అనే పిలుస్త.

ఇగ నా సంగతి మీకు తెల్వనిదా? కవిత తన పెండ్లికని లీవు పెట్టింది. కవిత డ్యూటీ ఎవరిది? నాదే. పొద్దుగాల ఏడింటికి సూది పట్టుకుంటే మధ్యాహ్నం మూడింటి దాక ఒకటే రక్తం. 'చిన్నగ గుచ్చు బిడ్డా', 'నరం దొరకలేదా ఇంకా', 'రిపోర్టు ఎప్పుడిస్తరు'. ఇంటికి పోయేసరికి మెట్లెక్కుడు కూడ ఒక డ్యూటీ లెక్కనే అనిపిస్తది. గా టైముల నాకు కావాల్సింది ఒక్కటే. పొగలొచ్చే అన్నం, ఇంత ఎల్లిగడ్డ కారం, మీద ఉల్లిగడ్డలు తేలుతున్న పచ్చిపులుసు. తిని కూలర్ ముంగట పండుకుంటే బతుకు మంచిగనే ఉన్నదనిపిస్తది. గంతకన్న పెద్ద కోరిక నాకు ఈ ఎండకాలంల ఒక్కటి కూడ లేకుండె.

మంగళవారం ఆంటీ ఆవకాయ పెట్టింది. రెండు జాడీలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బుధవారం పొద్దుగాల మోస్రా నుంచి ఫోనొచ్చింది. అంకుల్ కల్లం కాడ వడ్లకు పరదా కప్పబోయి జారి పడ్డడంట, కాలు బెణికిందంట. మబ్బు పట్టింది, వడ్లు ఇంకా కాంటా కాలే. ఆంటీ ఉన్నపళంగ బట్టలు సర్దుకొని నన్ను కిందికి పిలిచింది.

"పద్మా, పదిరోజులు పడుతుందేమో. అత్తయ్య మోకాళ్లతో ఆటో ఎక్కలేరు, ఇక్కడే ఉంటారు. అన్నం ఆవిడే వండుకుంటారు. పొద్దునా సాయంత్రం ఓసారి తొంగిచూడు, చాలు."

"నేను చూసుకుంట ఆంటీ, మీరు పోయి రాండ్రి."

"ఇంకొక్క పని. మూడో రోజు ఆవకాయ తిరగగలపాలి. ఆవిడకి వేళ్లు వంగవు. చెయ్యి పొడిగా ఉండాలి. అడుగు నుంచి పైకి కలిపి, నూనె తేలకపోతే ఈ సీసాలోది పొయ్యి. మళ్లీ గుడ్డ కట్టెయ్. అంతే. ఇంకేం చెయ్యకు."

'ఇంకేం చెయ్యకు' అన్నది. నా రెండు చెవులతోటి ఇన్న. "గంత మాత్రం తెల్వదా ఆంటీ" అని కూడ అన్న. చూడుండ్రి, ఎంత ధీమాగ అన్ననో! చిన్న జాడీ ఎందుకు చిన్నదో, అది ఎవరిదో ఆంటీ చెప్పలే. వాళ్లింట్ల అందరికి తెలిసిన ముచ్చట కదా, గోడలకు కూడ తెలిసే ఉంటది. నాకు తెల్వదని ఆంటీకి తట్టలే.

గురువారం మూడో రోజు. డ్యూటీ నుంచి వచ్చి, బకెట్‌తోటి స్నానం చేసి, చేతులు మంచిగ తుడుచుకొని కిందికి పోయిన. మామ్మ ముంగటి అర్రల మంచం మీద పండుకొని గురక పెడుతుంది. నేను వంటింట్లకు పోయి పెద్ద జాడీ గుడ్డ ఇప్పిన. అబ్బ! ఎర్రగ, నూనె తేలి, నడుమ నడుమ తెల్లగ ఎల్లిగడ్డ రెబ్బలు. అడుగు నుంచి కలిపిన, నూనె పోసిన, గుడ్డ కట్టిన. ఆడికి నేను బంగారు తల్లిని.

ఇగ చిన్న జాడీ ఇప్పిన. కలిపిన. కలుపుతుంటే ఏందో తక్కువ అనిపించింది. మల్ల కలిపిన. ఎల్లిగడ్డ లేదు! అడుగు దాక గంటె పెట్టి ఎతికిన, ఒక్క రెబ్బ లేదు.

మీకు తెలుసు కదా, మా అమ్మ తొక్కు పెట్టే తీరే వేరు. నూనె కాగబెట్టి, ఆవాలు జీలకర్ర చిటపటమనిపిచ్చి, సల్లారినంక అల్లం ఎల్లిగడ్డ నూరింది కలుపుతది. అల్లం ఎల్లిగడ్డ పడకపోతే మా అమ్మ లెక్కల అది తొక్కే కాదు, ఉప్పుల ఏసిన మామిడికాయ. ఆంటీ వాళ్లు నూనె కాగబెట్టకుంట పచ్చిదే పోస్తరు. సరే, వాళ్ల పద్ధతి వాళ్లది, పెద్ద జాడీకి నేను ఏమన్నా అన్ననా? గని చిన్నదాంట్ల ఎల్లిగడ్డ కూడ లేకపోతే ఎట్ల? నాకు ఆంటీ మీద జాలి కలిగింది. పాపం, పెద్ద జాడీ అయ్యేసరికి ఎల్లిగడ్డ ఒడిసిపోయి ఉంటది, తెల్లారి అంకుల్ పడ్డడని ఫోనొచ్చె, ఆగమాగమై పోయింది, ఇగ యాది ఎక్కడుంటది?

ఒక్క ఫోన్ చేసిన. ఎత్తలే. కల్లం కాడ ఉంటది అనుకున్న. మామ్మను అడగొచ్చు, ముసలామెను నిద్రల లేపుడెందుకు అనుకున్న. నిజం చెప్పాల్నంటే, అడిగితే వద్దంటరని నాకు లోపల తెలుసు. నాకు గా జాడీని బాగుచెయ్యాలని ఉండె, అంతే. ఇంట్ల మా ఆయన శ్రీనుకు వారం నుంచి కోడిగుడ్డు పొరటు తప్ప ఇంకో కూర వండలే, ఓపిక లేదని. గసువంటి దాన్ని పక్కోళ్ల తొక్కుకు పోపు పెట్టనీకి మాత్రం లేడి లెక్క మెట్లెక్కి మీదికి పోయి అల్లం తెచ్చిన, ఎల్లిగడ్డ ఒలిచిన, నూరిన, కిందికొచ్చి ఆంటీ పొయ్యి మీదనే నూనె పెట్టిన.

ఆవాలు చిటపటమన్నయ్. జీలకర్ర పడ్డది. కొద్దిగ సల్లారినట్టు అనిపియ్యంగనే అల్లం ఎల్లిగడ్డ ముద్ద ఏసిన. సల్లారలే! సుర్రుమన్నది. ఇల్లంత ఒకటే వాసన, ఎవరింట్లనో దావత్ ఉన్నట్టు. అట్లనే తీసుకపోయి చిన్న జాడీల పోసి గరగర కలిపిన. ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్న. దేవుడా, ఏం రుచి! ఇగ ఆంటీ నన్ను జన్మల మరువది అనుకున్న.

"అమ్మాయ్! ఏవిటే ఆ వాసన?"

ముంగటి అర్రల గురక ఆగింది.

"ఏం లేదు మామ్మా, పోపు!"

"పోపు కాదు. వెల్లుల్లి. ఎందులో వేశావ్?"

"మీ ఆవకాయలనే మామ్మా. ఆంటీ మరిచిపోయినట్టుంది. నేనే ఏసిన!"

"ఏ జాడీ?"

"చిన్నది."

కొద్దిసేపటికి కర్ర చప్పుడు. టక్కు, టక్కు. మామ్మ ముంగటి అర్ర నుంచి వంటింటి దాక వస్తుంది. మామూలుగ గా దూరానికి మధ్యల రెండుసార్లు ఆగుతది, గా దినం ఎక్కడ ఆగలే. వచ్చి జాడీలకు తొంగిచూసింది. గోడ పట్టుకొని స్టూలు మీద కూసున్నది.

"అది నా జాడీ అమ్మాయ్" అన్నది.

నాకు ఇంకా సమజ్ కాలే. మీదే అయితే మంచిదే కదా అన్నట్టు నవ్విన.

"నేను వెల్లుల్లి మానేసి పదేళ్లు దాటింది. మనవడికి జ్వరం తగ్గకపోతే మొక్కుకున్నాను. వాడికి జ్వరం పోయింది, నాకు వెల్లుల్లి పోయింది. వాడిప్పుడు సెంటర్లో బిర్యానీలు తింటూ తిరుగుతున్నాడు, నేను మాట తప్పకుండా కూర్చున్నాను."

చేతుల గంటె అట్లనే ఉంది. నా నోట్ల ఆ ముక్క కూడ అట్లనే ఉంది. మింగాల్నా, ఉమ్మాల్నా తెల్వలే.

మామ్మ తిట్టలే. జాడీ దిక్కు చూసుకుంట మెల్లగ చెప్పింది. "నాకు పళ్లు లేవు. షుగరని తీపి మాన్పించారు. కూర కారమైతే కడుపులో మంట. పొద్దున పెరుగన్నం, రాత్రి పెరుగన్నం. అందులోకి ఆ ముక్క ఒక్కటి. కొరకలేను, చప్పరిస్తాను. రోజంతా ఎదురుచూసేది దానికోసమే. సర్లే, ఏడాదే కదా. ఎలాగో అయిపోతుంది."

ఏడాదే కదా అంట! గా వయసుల ఏడాది అంటే ఎంత? ల్యాబ్‌ల రోజు ముసలోళ్ల రిపోర్టులు చూసేదాన్ని, నాకు తెల్వదా? నాకు ఏడుపొచ్చింది, గని ఆ పోపు వాసనల ఏడిస్తే ఎల్లిగడ్డకు ఏడుస్తుందనుకుంటరు.

"మామ్మా, నేను ఇంకోటి పెడ్త."

"నువ్వా?"

ఒక్క మాటనే. నా పెండ్లయినప్పటి సంది గంత అవమానం ఎవ్వరు చెయ్యలే.

"మీరు కూసొని చెప్పుండ్రి. మీరెట్ల చెప్తే అట్ల చేస్త. ఆంటీ వచ్చేలోపట అయిపోవాలి."

మామ్మ నన్ను పైనుంచి కింది దాక చూసింది. "విజయకి తెలిస్తే నిన్ను ఒక మాట అంటుంది, నన్ను పది మాటలంటుంది. ఇంట్లో ఉండి కూడా చూసుకోలేదా అని. కాబట్టి నోరు విప్పకు. ముందు కాయలు తీసుకురా. పుల్లగా ఉండాలి, గట్టిగా ఉండాలి, టెంక ముదిరి ఉండాలి."

నేను ఆ చిన్న జాడీల తొక్కంత ఒక స్టీలు డబ్బాల మీదికి తీసుకపోయిన. మాపటికి శ్రీను తిన్నడు. మూడుసార్లు అన్నం పెట్టుకున్నడు. అంతా చెప్పినంక ఏమన్నడో తెలుసా?

"గిది చెడిపోయిందా? ఇంకో జాడీ కూడ చెడగొట్టరాదు!"

శుక్రవారం డ్యూటీ అయినంక మార్కెట్‌కు పోయిన. కాళ్లు నావి కావు. ముందు దినం గాలిదుమారం వచ్చింది కదా, ఎక్కడ చూసినా కుప్పలు కుప్పలు మామిడికాయలు. అగ్గువకు దొరికినయ్ అని సంచినిండ తెచ్చిన. మామ్మ ఒక కాయ తీసుకొని గోటితోటి గుచ్చింది. ఇంకోటి గుచ్చింది. సంచి దూరం నెట్టింది.

"ఇవి గాలికి రాలినవి. లోపల దెబ్బ తగిలుంటుంది. వారానికే మెత్తబడిపోతాయి. పప్పులో వేసుకోండి."

శనివారం మల్ల పోయిన. కూరగాయలమ్మే అవ్వ నవ్వింది. "ఇప్పుడేడుంది బిడ్డా తొక్కు కాయ? రాలంగ మిగిలినయి మాగినయ్. పండ్లు తీసుకపో" అన్నది. ఇంకో రెండు దుకాణాలు తిరిగి గట్టిగున్నయని ఒక పది కాయలు తెస్తే మామ్మ గోరు పెట్టుడు కూడ పెట్టలే. వాసన చూసి, "తీపి" అన్నది. గంతే. పరీక్షల ఫెయిలైన పిల్ల లెక్క మెట్లెక్కిన. అప్పటికి మా ఇంట్ల రెండు సంచుల మామిడికాయలు. మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర, మామిడికాయ పచ్చడి. శ్రీను టిఫిన్ డబ్బా తీసుకపోవుడే మానేసిండు.

ఆదివారం. నాకున్న ఒక్క ఆదివారం! ఇందల్వాయిల మా తమ్ముని పెరట్ల ఒక చెట్టుంది. దాని కాయ ఎంత పులుపంటే పిల్లలు కూడ దొంగతనం చెయ్యరు. పొద్దుగాలనే శ్రీను బండి మీద పోయినం. తమ్ముడు చెట్టెక్కి ఒక్కొక్క కాయ చిక్కం తోటి తెంపి, కింద పడనియ్యకుంట నా ఒళ్లకు దించిండు.

"ఏందక్కా, కాయలు తెంపుతున్ననా, గుడ్లు దించుతున్ననా?"

"మామ్మకు దెబ్బ తగిలిన కాయ నడువదిరా."

"ఎవరా మామ్మ?"

"చెప్తే నవ్వుతవ్. తెంపు."

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన చెరుకు రసం బండి కాడ ఆగినం. అల్లం ముక్క, నిమ్మకాయ పెట్టి, మనకు ముంగటనే గానుగల ఏసి ఇచ్చిండు. ఐసు లేకుంట పెద్ద గ్లాసు. చెట్టు నీడల కండ్లు మూసుకొని తాగిన. గా పదిరోజులల్ల నేను నాకోసం తిన్నది తాగింది ఏదన్నా ఉంటే గా గ్లాసు ఒక్కటే. మిగతాదంతా మామిడికాయనే.

ఈసారి మామ్మ గోరు దిగలే. నాలుక మీద ఒక చుక్క రాసుకొని మొఖం ముడిచింది. "ఆఁ. ఇదీ కాయంటే." నాకు అవార్డు వచ్చినట్టయింది.

ఇగ మొదలైంది పని. మామ్మ కుర్చీల కూసున్నది, చేతుల కర్ర. కాయలు కడుగు. తుడువు. ఇంకో బట్టతోటి తుడువు. ఫ్యాను కింద ఆరబెట్టు. మల్ల తుడువు. "తడి! ఆ కాయ తొడిమ దగ్గర తడి!" అంటది. ఆమెకు పేపర్ల అక్షరాలు కనవడవు, తొడిమ కాడ తడి మాత్రం ఆరడుగుల దూరం నుంచి కనవడుతది. నా చెమట కాయ మీద పడుతదని నా నెత్తికి తువ్వాల కట్టించింది.

కాయలు కొట్టుడు శ్రీను వంతు. టెంక గట్టిది, ఆంటీ వాళ్ల కత్తిపీట పాతది. మొదటి దెబ్బకు టెంక ముక్క ఎగిరొచ్చి ఆయన నుదుటికి తగిలింది. లేచి బయటికి పోయిండు. అలిగిండనుకున్న. హెల్మెట్ పెట్టుకొని వచ్చిండు! అద్దం దించుకొని మామిడికాయలు కొట్టిండు. మామ్మ నవ్వింది. పళ్లు లేని నోటితోటి, కర్ర కిందపడేటట్టు నవ్వింది. ముక్కలు మాత్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి మూడు మూలలది. "ఏమయ్యా, ముక్కకి టెంక ఉంటే చాల్లే, అందం నేను చూసుకోను" అన్నది.

ఆవాలు ఎండబెట్టి మిక్సీ పట్టినం. దుకాణంల పొడి పనికిరాదంట. మిక్సీ మూత తీసిన, తుమ్ములు, ఒకటి కాదు రెండు కాదు. ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు మామ్మ చెప్పిన లెక్క ప్రకారం పోసిన. కలపనీకి ల్యాబ్ నుంచి తెచ్చుకున్న గ్లౌజులు ఏసుకున్న. తెలివి చూసిండ్రా?

"అవి తియ్యి."

"మామ్మా, మంట పుడుతది. టెంకలల్ల జీడి తీసేటప్పుడు వేళ్లు గీరుకుపోయినయ్."

"ముక్కకి పిండి పట్టిందో లేదో రబ్బరుకి ఎలా తెలుస్తుంది? చేత్తో కలపాలి."

తీసిన. కలిపిన. మొదలు ఏం కాలే. రెండో గిన్నెకు వెచ్చగయింది. మూడో గిన్నెకు నా చెయ్యి నాది కాదనిపించింది. జాడీల ఎత్తి, గుడ్డ కట్టి, మీదికి పోయి చల్ల గిన్నెల చెయ్యి పెట్టుకొని కూసున్న. శ్రీను అన్నం కలిపి నోట్ల పెట్టిండు. దేంతోటి పెట్టిండు? గా చెడిపోయిన తొక్కు తోటే. మంట మీద మంట! అయినా తిన్న. ఆకలి కదా.

మంగళవారం తిరగగలిపిన. నా జీవితంల గంత భయంగ ఎప్పుడు గంటె పట్టలే. కలిపిన, నూనె పోసిన, చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడ్డ. ఇంకేం చెయ్యలే. మామ్మ వేలు కొసకు రాసుకొని నాలుకకు పెట్టుకున్నది. ఇంకోసారి రాసుకొని పెట్టుకున్నది.

"ఉప్పు సరిపోయింది" అన్నది.

గంతే. నేను స్నానాల అర్రలకు పోయి ఏడ్చిన, ఎవ్వరికి చెప్పకుండ్రి.

శనివారం ఆంటీ వచ్చింది. వడ్లు కాంటా అయినయంట, అంకుల్ నడుస్తున్నడంట. బాగ ఖుషీగ ఉంది. "పద్మా, పదిరోజులు అత్తయ్యని చూసుకున్నావ్, ఇవాళ ఇక్కడే తిను" అని నన్ను కూసోబెట్టింది. ముద్దపప్పు, నెయ్యి, గుమ్మడి వడియాలు. ఎవరో వండితే కూసొని తినుడు! చాలా రోజులైంది ఆ సుఖం లేక. చెయ్యి మండుతున్నా కడుపునిండ తింటున్న.

ఆంటీ సంచిల నుంచి ఒక డబ్బా తీసింది. "అత్తయ్యా, మోస్రాలో మా తోటికోడలు కూడా పెట్టింది. మీకోసం వెల్లుల్లి లేకుండా ప్రత్యేకంగా రెండు కిలోలు ఇచ్చింది."

నా ముద్ద ఆడనే ఆగింది. రెండు కిలోలు! గా గురువారం మాపటికే ఆంటీకి ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంటే అయిపోతుండె. డబ్బా బస్సుల వచ్చేది. ఇందల్వాయి లేదు, హెల్మెట్ లేదు, చెయ్యి మంచిగుండేది.

ఆంటీ డబ్బాల నుంచి ఒక ముక్క తీసి మామ్మ పెరుగన్నంల ఏసింది. మామ్మ చప్పరించింది. తీసి పళ్లెం అంచుకు పెట్టింది.

"ఇది వద్దు విజయా. ఆ పిల్ల పెట్టింది వెయ్యి."

"ఏ పిల్ల?"

నేను నీళ్లు తాగుతున్న. పొలమారింది. మామ్మకు కూడ అప్పుడు సమజైంది. నా దిక్కు చూసింది, జాడీ దిక్కు చూసింది. "అదే... కలిపింది కదా, మూడో రోజు... ఆ పిల్ల కలిపింది అంటున్నా" అన్నది. గంత అనుభవం ఉన్న మనిషి, అబద్ధం చెప్పనీకి రాదు.

ఆంటీ చిన్న జాడీ మూత తీసింది. ఒక ముక్క పైకెత్తి చూసింది. "ఈ ముక్కలేంటి? గొడ్డలితో నరికినట్టున్నాయి?"

ఇగ దాచి లాభం లేదు. ఎడమ చేత్తోటి దండం పెట్టి మొత్తం చెప్పిన. అల్లం ఎల్లిగడ్డ, పోపు, గాలికాయలు, తమ్ముని చెట్టు, హెల్మెట్, అన్ని. చెప్తుంటే నాకే నా మీద అసహ్యమైంది. ఇల్లు ఖాళీ చెయ్యమంటదేమో అని ఒక దిక్కు భయం. ల్యాబ్‌కు గింత దగ్గర మల్ల ఇల్లెక్కడ దొరుకుతది?

ఆంటీ తన పళ్లెంల ఇంత వేడన్నం పెట్టుకొని, గా ముక్కతోటి కలిపి ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది.

"ఇరవై మూడేళ్లుగా ఈవిడకి ఆవకాయ పెడుతున్నాను పద్మా. ఒక్కనాడు కూడా 'అది వెయ్యి' అని అడగలేదు. ఎప్పుడూ ఉప్పెక్కువ, లేకపోతే ఆవఘాటు తక్కువ."

మామ్మ తలెత్తలే. చప్పరించుకుంట చెప్పింది, "నువ్వు నన్ను పక్కన కూర్చోనిచ్చావా ఎప్పుడైనా?"

ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నరు. నేను నడుమ కూసొని వడియం నములుదామా వద్దా, చప్పుడైతదని ఆలోచన చేస్తున్న. ఆంటీనే ముందు నవ్వింది.

"అయితే సరే. వచ్చే ఏడు నుంచి అత్తయ్య జాడీ నువ్వే పెట్టు పద్మా. ఆవిడ చెప్తుంది, నువ్వు కలుపు."

"చిన్న జాడీ ఒక్కటే ఏవిటే?" అన్నది మామ్మ. "పెద్దదీ ఈ పిల్లకే ఇవ్వు. నీకు పొలం పనులు."

"అవును, అదీ నిజమే" అని ఆంటీ నా ముంగటనే ఫోన్ తీసి మోస్రాకు చేసింది. "అక్కా, వచ్చే ఏడు నువ్వు శ్రమపడకు, మా పైవాటా అమ్మాయి పెడుతుంది. ఎంతకావాలో చెప్పు..."

నేను చెయ్యి అడ్డం ఊపుతనే ఉన్న. మండుతున్న చెయ్యి కదా, చల్లగాలికి ఊపుకుంటుంది అనుకున్నరు.

తిడితే ఏమయ్యేది చెప్పుండ్రి? ఒక్క పూటల ఒడిసిపోతుండె. మెచ్చుకున్నరు కదా, ఇగ బతికినన్ని ఏండ్లు కాయలు తుడుసుడే.